పంతొమ్మిది దీపపు పెట్టెలు, ఒక ఫ్లైఓవర్

తిరిగొచ్చి రెండు నెలలైంది. మధురానగర్‌లో మా వీధి చివరి టిఫిన్ బండి దగ్గర ఇప్పటికీ రోజుకొకరు అడుగుతూనే ఉన్నారు. ప్రశ్నలు మాత్రం మూడే.

ఒకటి: ఎంతయింది? బావకూ నాకూ కలిపి ఒక పాత కారు వచ్చేంత. మూడేళ్లు కూడబెట్టాం.

రెండు: తిండి ఎట్ల? బాగుంది. కారం లేదు.

మూడు: గ్రీస్ దాకా పోయి సైకిల్ తొక్కుడేంది, ఈడ రోడ్లు లేవా? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాలుగో ప్రశ్న మా స్వరూప అక్క ఒక్కతే అడిగింది. శంషాబాద్ విమానాశ్రయంలో, మా చేతుల్లోని బ్యాగులు కింద పెట్టకముందే, పక్కనే నిలబడ్డ మొగుణ్ని వదిలేసి నన్ను అడిగింది.

"బావ దిగిండా?"

కొండల మీంచి అని ఆమె ఉద్దేశం.

సత్యం బావకు నలభై మూడేళ్లు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల పుస్తకాలు జిరాక్స్ తీసి స్పైరల్ బైండింగ్ చేసే దుకాణం నడుపుతాడు. ఒకప్పుడు ప్రతి ఆదివారం తెల్లవారుజామునే వంద కిలోమీటర్లు తొక్కి, తొమ్మిదింటికల్లా షట్టర్ ఎత్తేవాడు. నాకు గేర్లు మార్చడం నేర్పింది ఆయనే. రెండేళ్ల కింద వానలో పంజాగుట్ట ఫ్లైఓవర్ మీంచి బేగంపేట వైపు దిగుతూ, ముందు బస్సు ఆగిందని బ్రేకు పట్టాడు. సైకిల్ ఆగింది, బావ ఆగలేదు. మెడ కింద కాలర్ ఎముక విరిగింది, తుంటి పగిలింది. ఏడు నెలలు మంచం.

లేచాక మళ్లీ తొక్కాడు. చదునులో తొక్కుతాడు, ఎత్తు ఎక్కుతాడు. పల్లం వస్తే మాత్రం దిగి, సైకిల్‌ను పక్కన నడిపించుకుంటూ వస్తాడు. పంజాగుట్ట ఫ్లైఓవర్ అయితే ఎక్కడమే మానేశాడు.

మరి కొండలకెందుకు అంటే, ఈ యాత్ర ప్రమాదానికి ముందే అనుకున్నది. వద్దంటాడేమో అనుకున్నాను. బావ లెక్క వేరు.

"ఈడ నడుచుకుంట దిగితే నలుగురు నవ్వుతరు. ఆడ నన్నెవడు గుర్తుపడతడు? మెల్లగ నేర్చుకుంట."

అక్క నాకు రెండు పనులు అప్పజెప్పింది. మొదటిది, బావను బలవంతపెట్టొద్దు. రెండోది, బల్కంపేట ఎల్లమ్మ కుంకుమ పొట్లం. "తొవ్వల ఏ గుడి కనబడ్డా ఇంత పెట్టి దండం పెట్టుకోండ్రి. ఏ దేవుడైతే ఏంది."

నేను రెండో పని మరీ శ్రద్ధగా చేశాను. అందులోంచే ఈ కథంతా వచ్చింది.

యానినా

గ్రీస్ వాయవ్య మూలన పిండస్ కొండల కింద యానినా అనే పట్నం ఉంది. దాని పక్కనే పెద్ద చెరువు. అక్కడ సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. దుకాణం యజమాని బ్రేకులు, గేర్లు, పంపు చూపించాడు. అంతా అయ్యాక బావ జేబులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి నాలుగు చక్రాల కింద పెట్టాడు. నేను హ్యాండిళ్లకు కుంకుమ పెట్టాను. ఇద్దరం ఒకేసారి సైకిళ్లను ముందుకు తోశాం. మూడు కాయలు చితికాయి. నాలుగోది జారి దుకాణంలోకి దొర్లింది.

యజమాని చాలాసేపు చూశాడు. టైర్లలో గాలి చూసే పద్ధతి అనుకున్నాడేమో, వంగి ఒక టైరు నొక్కాడు. తర్వాత చితకని కాయ ఏరుకుని వాసన చూశాడు. "మంచి కాయ" అని లోపలికెళ్లి తన మధ్యాహ్నం చేప మీద పిండుకున్నాడు.

దిష్టి ఎవరికి పోయిందో చెప్పలేను.

పెట్టెలు

రెండోరోజు జగోరి అనే కొండ ప్రాంతంలోకి ఎక్కాం. ఊళ్లు చిన్నవి. గోడలూ రాయే, కప్పులూ రాయే, బాటలూ రాయే. ఊరికీ ఊరికీ మధ్య పది పదిహేను కిలోమీటర్లు మనిషి కనబడడు. ఎక్కేటప్పుడు బావ నాకంటే ముందున్నాడు. ఆయన ఊపిరి మామూలుగా ఉంది. నా ఊపిరి సంగతి వద్దు.

ఆ తొవ్వలో మొదటి పెట్టె కనబడింది. రోడ్డు మలుపు దగ్గర ఇనప కాలు మీద ఛాతీ ఎత్తున చిన్న రేకు ఇల్లు. దానికి అద్దం తలుపు. లోపల గడ్డం ఉన్న ఒక సాధువు పటం, నూనె దీపం, అగ్గిపెట్టె, ప్లాస్టిక్ సీసాలో నూనె.

"మైసమ్మ" అన్నాడు బావ వెంటనే.

"గడ్డం ఉంది బావా."

"గీళ్ల మైసమ్మకు ఉంటదేమో. మలుపు కాడ పెట్టిండ్రంటే కాపలకే గదా."

తర్కం సరిగ్గానే ఉందనిపించింది. మన దగ్గర చెరువు కట్ట మీద మైసమ్మ ఉన్నట్టే ఇక్కడ ప్రమాదకరమైన మలుపుకొక దేవుడు. దండం పెట్టాం. వేలు తడిపి అద్దానికి నిండుగా కుంకుమ పెట్టాను. బావ నిమ్మకాయ కోసి, రెండు చెక్కలకూ కుంకుమ అద్ది కాలు దగ్గర పెట్టాడు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పట్టిక లేకుండా నాకు ఏ పనీ జరగదు. ఫోన్‌లో ఒకటి తెరిచాను: పెట్టె సంఖ్య, ఎన్నో కిలోమీటరు, దీపం వెలుగుతోందా, కుంకుమ పెట్టామా. రెండు రోజుల్లో పంతొమ్మిది పెట్టెలు. చివరి గడిలో పంతొమ్మిది సార్లు "అవును". ఇంత పూర్తిగా నిండిన పట్టిక ఆఫీసులో కూడా ఎప్పుడూ చూడలేదు.

దాని కిందే ఇంకో పట్టిక ఉంది. పల్లాలు దిగిన లెక్క. మొదటి పల్లం పదకొండు కిలోమీటర్లు. నాకు ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. బావకు రెండు గంటల పది నిమిషాలు. కింద ఒక రాతి వంతెన మీద కూర్చుని ఎదురుచూశాను. వచ్చి, నీళ్లు తాగి, "రోడ్డు మంచిగుంది" అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. అక్క మొదటి షరతు అదే.

కాఫీ కొట్టు

సాయంత్రం ఆగిన ఊళ్లో ఒకటే కాఫీ కొట్టు. అందులో ఆరుగురు ముసలాయనలు. మేం లోపలికి పోగానే మాట ఆపి చూశారు. మన ఊళ్లలోనూ అంతే కాబట్టి ఇబ్బంది అనిపించలేదు. ఏ దేశం, పెళ్లయిందా, పిల్లలెందరు, అమ్మానాన్న ఉన్నారా, ఈ వరసలోనే అడిగారు. జీతం ఒక్కటే అడగలేదు.

మధ్యలో ఫోన్ ఉంది. వాళ్లు గ్రీకులో మాట్లాడితే అది తెలుగులో చెప్పేది. ఆ తెలుగు మాత్రం ఎవరూ మాట్లాడేది కాదు. "మహాశయా, తమరు ఏ కారణమున పర్వతములను అధిరోహించుచున్నారు?" అంది. ఆ ప్రశ్న అడిగినాయన పళ్లు కుట్టుకుంటున్నాడు.

కాదనడానికి వాళ్లు తల కొంచెం పైకెత్తి నాలుకతో "చ్" అంటారు. మా నాయనమ్మ అచ్చం అలాగే అనేది. మూడు వేల మైళ్లు పోయి మొదట గుర్తుపట్టింది ఆ చప్పుడునే.

కాఫీ డబ్బులివ్వబోతే కొట్టతను "చ్" అన్నాడు. మూలన కూర్చున్న ఆయన ముందే ఇచ్చేశాడట. ఎవరని చూస్తే అటు తిరిగి కూర్చున్నాడు. తిరిగి ఆయనకు ఇప్పిస్తామంటే మళ్లీ అందరూ "చ్". కొత్తగా వచ్చినవాడు ఇవ్వకూడదు. పుచ్చుకోవడం నేర్చుకోవాలి. కాఫీ ఒకటిన్నర యూరో, అంటే అమీర్‌పేటలో పది ఛాయలు. బావ గుణించి, లేచి, ఆ మూలకు నమస్కారం పెట్టాడు. ఆయన చూడనట్టే ఉన్నాడు.

కుక్కలు

మూడోరోజు పల్లంలో గొర్రెల మంద ఎదురైంది. దానికి కాపలాగా దూడలంత కుక్కలు నాలుగు. నేను ముందు సైకిల్ మీద దిగుతున్నాను. నాలుగూ నా వెంట పడ్డాయి. ఎంత వేగంగా తొక్కితే అంత వేగంగా వచ్చాయి. ఒకటి నా వెనక సంచి పట్టుకుని లాగింది. అందులోని టమాట పచ్చడి డబ్బా పగిలి రోడ్డు మీద పడింది. కుక్క దాన్ని ఒకసారి నాకింది. తర్వాత మిగతా జన్మంతా గుర్తుంచుకునే మొహం పెట్టి వెనక్కి పోయింది.

బావ వెనక నడుచుకుంటూ వచ్చాడు. కుక్కలు ఆయన ప్యాంటు వాసన చూసి పక్కకు తప్పుకున్నాయి. గొర్రెల కాపరి మా ఫోన్ అనువాదంలో చెప్పాడు: సైకిల్ మీద ఉన్నవాడు కుక్కకు మనిషిలా కనబడడు, దిగి నడిస్తే మనిషని తెలుస్తుంది. ఈ కొండల్లో నడవడమే పద్ధతి.

"విన్నవా?" అన్నాడు బావ. ఆ రెండు రోజుల్లో ఆయన సంతోషంగా ఉన్నది అప్పుడే.

వాన, తర్వాత ఒక ట్రక్కు

నాలుగోరోజు తెల్లవారుజామున వాన పడింది. ఎనిమిదింటికి తెరిపిచ్చింది. ఊరి చివర సైకిళ్లకు సంచులు కట్టుకుంటుంటే ఒక చిన్న ట్రక్కు వచ్చి మా ముందు అడ్డంగా ఆగింది. అరవై ఏళ్ల మనిషి దిగింది. నల్ల స్వెట్టర్, రబ్బరు బూట్లు. మా హ్యాండిళ్ల మీది కుంకుమ చూసింది. తర్వాత మమ్మల్ని చూసింది. ఫోన్ తీసి ఒక ఫోటో మా మొహాల ముందు పెట్టింది.

మా పద్నాలుగో పెట్టె. అద్దం మీంచి ఎర్రటి ధార కారి, రేకు మీదుగా ఇనప కాలు పొడుగునా జారి, రోడ్డు మీద మడుగు కట్టింది. పక్కనే రెండు నిమ్మచెక్కలు.

నా ఫోన్ తెరిచి ఇచ్చాను. ఆమె మాట్లాడింది. గొంతు వణుకుతోంది. ఫోన్‌కు వణకడం రాదు.

"ఈ రుధిరము ఎవరిది?"

రుధిరం కాదని, మా అమ్మవారి పొడి అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. బావ పొట్లం విప్పి, కొంచెం తీసి తన నుదుటికి పెట్టుకుని చూపించాడు. అప్పుడు ఆమె ట్రక్కు మెట్టు మీద కూర్చుంది. తర్వాత చాలా మాట్లాడింది. అందులో కొంత ఫోన్ అనువదించడానికి ఒప్పుకోలేదు.

ఆమె పేరు కటేరీనా. తెలిసిందేమిటంటే, ఆ పెట్టెలు మలుపు దేవతలవి కావు. రోడ్డు మీద మనిషి పడిన చోట, ఆ మనిషో ఇంటివాళ్లో పెడతారు. పద్నాలుగో పెట్టె ఆమె భర్త థనాసీది, ఒకప్పుడు అక్కడ పడి బతికాడు. ఆ పొద్దున ఆయన ట్రాక్టర్ మీద అదే దారిన పోయాడు. ఫోన్ ఎత్తడం లేదు. వెతుక్కుంటూ వస్తే ఆయన పెట్టె కింద ఎర్రటి మడుగు. రోడ్డు అంచుకు పోయి లోయలోకి చూసిందట. ఏమీ కనబడక ముందుకొస్తే ఇంకో పెట్టె, మళ్లీ ఎరుపు. అలా అయిదు పెట్టెలు దాటి, వరసగా మా దగ్గరికి వచ్చింది. మేం వదిలిన ఆనవాళ్లలో ఒక్క లోపం లేదు.

"నిమ్మఫలము ఎందులకు?" అని చివర్లో అడిగింది. చెప్పాం. ఇప్పటికీ ఆమెకు అర్థమై ఉండదు.

థనాసీ ఎక్కడ దొరికాడంటే, పక్క ఊరి కాఫీ కొట్టులో. ఫోన్‌లో ఛార్జింగ్ లేదు.

పద్నాలుగో పెట్టె

సైకిళ్లు ట్రక్కులో వేసి ఆమే తీసుకుపోయింది. సబ్బు నీళ్ల బకెట్ ఇచ్చింది. బావ తన బనియన్ చింపి అద్దం తుడిచాడు, ఇనప కాలు తుడిచాడు, మోకాళ్ల మీద కూర్చుని రోడ్డు కూడా కడిగాడు. ఆమె "చాలు" అన్నాకా కడిగాడు. నేను నిమ్మచెక్కలు ఏరాను.

ఇంతలో ట్రాక్టర్ వచ్చింది. థనాసీ దిగాడు. బక్క మనిషి, డెబ్బై ఏళ్లుంటాయి. పెళ్లాం తిడుతుంటే తల వంచుకుని విని, అయ్యాక ట్రాక్టర్‌లోంచి ఒక గిన్నె తెచ్చాడు. ఆ దేశంలో ఏ గొడవైనా తిండితో ముగుస్తుంది. పిండి, గుడ్డు, చీజ్ కలిపి పళ్లెంలో పల్చగా పరిచి కాల్చిన రొట్టె. బావ ఒక ముక్క తిని ఆగాడు.

"ఇది సర్వపిండే రా. చిల్లులు పెట్టుడు మర్చిపోయిండ్రు."

సారా కూడా పోశారు. శనివారమని బావ వద్దన్నాడు. శనివారానికీ సారాకూ సంబంధమేమిటో ఫోన్‌కు కూడా తెలియలేదు.

ముప్పై ఏళ్ల కింద కలప లారీతో థనాసీ ఆ మలుపులోంచి లోయలోకి పోయాడు. ఒక చెట్టుకు లారీ తట్టుకుంది. చేయి విరిగి, నడుచుకుంటూ పైకొచ్చాడు. పెట్టె ఆయనే చేయించి పెట్టాడు. పెట్టెలు రెండు రకాలన్నాడు. ఫోటో ఉంటే అక్కడ మనిషి పోయినట్టు. ఫోటో లేకుండా సాధువు పటమే ఉంటే పడి లేచినట్టు. వారానికోసారి తన దీపం తానే వెలిగించుకుంటాడు.

తర్వాత బావను చూపించి నన్నడిగాడు, ఈయన నిన్న పల్లంలో నడుస్తూ పోవడం తోటలోంచి చూశాను, సైకిల్ చెడిందా అని.

బావ ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నాడు. రెండేళ్లలో ఆ సంగతి ఆయన నోటితో చెప్పగా నేను వినలేదు.

"మా ఊర్ల ఒక ఫ్లైఓవర్ పుల్ ఉన్నది. దాని మీద పడ్డ. గప్పటి సంది దిగబుద్ది కాదు. చెయ్యి బ్రేకు మీదికి పోతది, ఇగ రాదు."

ఫోన్ ఏం చెప్పిందో కాని థనాసీ చాలాసేపు తలూపాడు. "అక్కడ పెట్టె పెట్టితిరా?"

"లేదు. మా దగ్గర పెట్టరు."

ముసలాయన నాలుకతో "చ్" అన్నాడు. తర్వాత అన్నది ఫోన్ తన పద్ధతిలోనే చెప్పింది.

"మరి తమరు లేచిన సంగతి ఆ రహదారికి ఎట్లు తెలియును?"

నాకు నవ్వు వచ్చింది. బావ వైపు చూసి ఆపుకున్నాను.

మిగతా పద్దెనిమిది

మెట్సోవో అనే ఊరికి పోవాలన్నది మా ప్రణాళిక. అక్కడి పొగబెట్టిన చీజ్ ప్రసిద్ధి. ఆ ప్రణాళిక మానుకున్నాం. "ఇంక పద్దెనిమిది ఇండ్లున్నయి" అన్నాడు బావ. "ఎవరెవరు జూసి భయపడ్డరో."

నా పట్టిక అప్పుడు పనికొచ్చింది. ఏ పెట్టె ఎన్నో కిలోమీటరులో ఉందో తెలుసు కాబట్టి ఒక్కటీ తప్పలేదు. ముందు చివరి అయిదూ కడిగాం. తర్వాత రెండు రోజులు వచ్చిన దారినే వెనక్కి, సబ్బు సీసాతో. వచ్చేటప్పుడు ఎక్కినవన్నీ ఇప్పుడు పల్లాలు. బావ అన్నీ నడిచే దిగాడు. ఆరిన దీపాలు ఆరున్నాయి. దారిన పోయేవాళ్లెవరైనా వెలిగించొచ్చని థనాసీ చెప్పాడు కాబట్టి బావ వాటిని వెలిగించాడు.

పట్టికలో కొత్త గడి చేర్చాను: ఫోటో. మొదటిసారి వచ్చినప్పుడు అన్ని పెట్టెల్లోకీ వంగి చూశాను, దీపం ఉందా లేదా రాసుకున్నాను, ఫోటోలు నాకు కనబడలేదు. పటాల వెనక ఉన్నాయి. ఒకతను నా వయసువాడు, హెల్మెట్ చంకలో పెట్టుకుని నవ్వుతున్నాడు. ఫోటో ఉన్నవి పన్నెండు. లేనివి ఏడు. లేనివాటి దగ్గర బావ ఎక్కువసేపు ఆగాడు.

ఏడోరోజు యానినా చెరువు కనబడే చివరి పల్లం. రోడ్డు వెడల్పు, ఎండ, ఒక్క బండి లేదు. నేను కొంచెం కింద ఆగి చూస్తున్నాను. బావ సీటు మీద కూర్చున్నాడు. ఒక కాలు పెడల్ మీద, ఒకటి నేల మీద. ఒక నిమిషం అలాగే ఉన్నాడు. తర్వాత దిగి నడిచాడు. పట్టికలో దానికి గడి లేదు.

అందుకే విమానాశ్రయంలో అక్కకు "లేదు" అని చెప్పాను. అక్క బావ చేతిలోని సంచి తీసుకుని, "పోనియ్, ఆకలైతుందా?" అంది.

పంజాగుట్ట

పోయిన ఆదివారం పొద్దున ఆరింటికి బావ ఫోన్ చేశాడు. "సైకిల్ తీస్కొని పుల్ మీదికి రా."

పోయేసరికి ఫ్లైఓవర్ మధ్యలో, పిట్టగోడ పక్కన నిలబడి ఉన్నాడు. సైకిల్ క్యారియర్ మీద రేకు పెట్టె. బల్కంపేటలో వెల్డింగ్ అతనితో చేయించాడట. అద్దం తలుపు ఉంది. లోపల ఎల్లమ్మ పటం, దీపం, అగ్గిపెట్టె. ఫోటో లేదు. పెట్టెను పిట్టగోడ మీద పెట్టి దీపం ముట్టించాడు.

కింది నుంచి బైకు మీద ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు.

"ఏందన్నా ఇది? ఎవరన్న పోయిండ్రా ఈడ?"

"లేదు భాయ్. పడ్డరు."

"ఎవరు?"

"నేనే."

కానిస్టేబుల్ బావను పైనుంచి కిందికి చూశాడు. "మంచిగనే ఉన్నవ్ గదా."

"ఆ. గదే చెప్పనీకి వచ్చిన."

"ఎవరికి?"

బావ రోడ్డు వైపు చూపించాడు. కానిస్టేబుల్ నా వైపు తిరిగాడు. నేను తలూపాను.

"ఈడ పెట్టొద్దన్నా. గాలికి కింద ఎవని నెత్తి మీద్నన్న పడ్డదనుకో, ఇంకో పెట్టె చేపియ్యాలె."

"పెట్ట. అయిదు నిమిషాలు."

"జర జల్ది." బండి స్టాండ్ వేసి, వెనక వచ్చే వాహనాలకు చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. అప్పుడప్పుడు వాచీ చూసుకున్నాడు.

అయిదు నిమిషాలయ్యాక బావ దీపం ఆర్పకుండానే అద్దం మూసి, పెట్టెను క్యారియర్‌కు తాళ్లతో బిగించాడు. సీటు మీద కూర్చున్నాడు. ఒక కాలు పెడల్ మీద, ఒకటి నేల మీద. నేను వెనక ఉన్నాను. బ్రేకు మీది వేళ్లు ఒక్కొక్కటే వదిలాడు. నేల మీది కాలు లేచింది.

రెండు బ్రేకులూ కీచుమంటూనే ఉన్నాయి. పొద్దున నడకకు వచ్చిన ఒక పెద్దాయన మాతో సమానంగా నడిచి, చివర్లో దాటిపోయాడు కూడా. బేగంపేట వైపు కింద ఆగాక బావ అద్దం తెరిచి చూశాడు. దీపం వెలుగుతోంది.

అక్కకు ఫోన్ చేసి "దిగిండు" అన్నాను. పట్టికలో కొత్త వరస చేర్చి పంజాగుట్ట అని రాశాను. దూరం, సమయం కూడా కొలిచాను. నడిచి దిగినా అంతే సమయం పట్టేది. సమయం గడి ఖాళీగా వదిలేశాను.